బల్లెము భుజముపైనా, నడుము ప్రక్కనా?

ప్రాచీన గ్రీసు యుద్ధములను గూర్చి వినని విద్యార్థి యుండడు. మారథాన్, థర్మాపిలే, ప్లటియా అను పేర్లు చరిత్ర పాఠములలో తరచు వినవచ్చుచుండును. కాని యా రణరంగములలో నిలిచి పోరిన హాప్లైటు అను కాలిభటుడు తన ముఖ్యాయుధమైన బల్లెము నెట్లు పట్టెనని యడిగినచో పండితులే రెండు పక్షములుగా చీలియున్నారు. చేతిని భుజముపై కెత్తి, మొన క్రిందికి వంగునట్లు పొడిచెనని యొక పక్షము. నడుము ప్రక్కన పట్టి ముందునకు గ్రుచ్చెనని రెండవ పక్షము. ఇది ఆయుధప్రియుల వేడుకవాదమని త్రోసివేయుట సులభమే. కాని బొమ్మను, గ్రంథమును, వస్తువును సాక్షులుగా నిలిపి ప్రశ్నించుట నేర్పుటకు ఇంతకంటె తగిన పాఠము దొరకుట యరుదు.

ఆ బల్లెము 2 మీటర్లు మొదలు 2.5 మీటర్ల వరకు పొడవుగలది. ముందు ఇనుప మొన, వెనుక కంచు ముల్లు. ఈ ముల్లును గ్రీకులు సౌరోటర్ అనిరి. బల్లులను చంపునది యని యర్థము. సేనలలో చమత్కారమునకు కొదువ లేదు గాబోలు! ఎడమచేత దాదాపు 90 సెంటీమీటర్ల వ్యాసముగల గుండ్రని డాలు. దాని నడిమి పట్టీలో ముంజేయి దూర్చి, అంచునగల పిడిని పట్టవలెను. అట్లు పట్టినప్పుడు డాలులో సగము ఎడమప్రక్కకు పొడుచుకొనివచ్చి, పొరుగువాని కుడి దేహమును కప్పును. ప్రతివాడును తన కుడిప్రక్కవాని డాలు చాటునకు జరుగుటచే సేన యంతయు కుడివైపునకు ఒరగునని, క్రీ.పూ. 418 నాటి మాంటినియా యుద్ధమును వర్ణించుచు థ్యూసిడిడీస్ వ్రాసెను. బల్లెపు వివాదమంతయు ఈ డాలు చుట్టును తిరుగుచున్నది.

భుజముపై పట్టు వాదమునకు పెద్ద సాక్షి చీగీ కలశము. క్రీ.పూ. 7వ శతాబ్ది నడుమ కోరింతు చిత్రకారుడు దీనిని చిత్రించెను. ఇటలీలో వేయి నగర ప్రాంతమున దొరకిన యీ కలశము నేడు రోములోని విల్లా జూలియా మ్యూజియమున నున్నది. ఎదురెదురు వరుసలు, నడుమ జంట పిల్లనగ్రోవి నూదు బాలుడు, తలలకు మీదుగా ఎత్తిన బల్లెములు — ఒకసారి చూచినవాడు మరువజాలడు. తరువాతి కుండలపైని పోరాట దృశ్యములలోను ఎత్తిన చేయి విస్తారముగ కానవచ్చును.

ఆస్ట్రేలియా చరిత్రకారుడు క్రిస్టఫర్ మాథ్యూ 2012లో ప్రకటించిన గ్రంథమున ఈ సాక్ష్యమునే ప్రశ్నించెను. వెనుక కంచు ముల్లుండుటచే నిజమైన బల్లెమునకు తూకపు చోటు నడుమ గాక వెనుకకు పడును. కుండలపై భటులు నడుమ పట్టినవి విసరుటకైన తోమరములే యని యతని వాదము. చీగీ కలశముపై ఆయుధములు ధరించుచున్న వారి చెంత విసరుటకు తాడు చుట్టిన బల్లెము లుండుట ఈ వాదమునకు కొంత బలమిచ్చును. పైగా చిత్రకారుడు డాలు వెనుక దాగిన చేతిని చూపలేడు. చేయి పైకెత్తించిననే బొమ్మ నిండును. క్రీ.పూ. 400లో తమ సైనికులు బల్లెములను కుడిభుజముపై నుంచుకొని, బాకా మ్రోగగానే ముందునకు దించి నడిచిరని జెనొఫన్ స్పష్టముగ చెప్పుచున్నాడు.

అయినను ఆ వాక్యము నడకను గూర్చినది. డాలు డాలును తాకిన పిమ్మట నడుము ప్రక్కని చేయి ఎచ్చటికి పోవలెను? ముందు పొరుగువాని డాలంచు అడ్డుపడును. వెనుక ముల్లు తన వెనుకవాని పొత్తికడుపునకు గురిపెట్టి యుండును. ఎత్తిన చేతికి ఈ రెండు చిక్కులును తక్కువ. శత్రువు డాలుపై కానవచ్చు కంఠమును ముఖమును అది అందుకొనగలదు. పైనుండి పడు పోటునకే బలము హెచ్చని ఆధునిక ప్రయోగములు కొన్ని చూపినవి. అందెడి దూరము మాత్రము క్రింది పట్టునకే కొంత యెక్కువ. కావున నడకలోను, ఒంటరి పోరులోను క్రింది పట్టు, క్రిక్కిరిసిన వరుసలో పై పట్టు అనుటయే యుక్తము. పట్టు మార్చుటకు చేతిని త్రిప్పవలసి యుండుట ఈ నిర్ణయమునకు మిగిలిన చిక్కు. నిలిచియున్నప్పుడు ముల్లును నేల గ్రుచ్చి చేయి మార్చవచ్చును. పరుగులో నది సులభము కాదు. పాఠ్యపుస్తకములు ఈ చిక్కును దాచి ఒక్క బొమ్మతో సరిపెట్టుట న్యాయము కాదు. అలెగ్జాండరు క్రీ.పూ. 326లో జీలం తీరమునకు తెచ్చిన సైన్యపు నిడుపాటి సారిసాను ఈ బల్లెముతో కలుపుట మరింత తప్పు. దానిని రెండు చేతులతో పట్టవలెను గనుక అచ్చట ఈ తగవే లేదు.

ఉపాధ్యాయుడు తలచినచో దీనిని బడి ఆవరణలోనే పరీక్షింపవచ్చును. అయిదుగురు పిల్లలకు మొన లేని వెదురు కర్రలు, డాళ్లకు బదులు వెడల్పైన తట్టలు ఇచ్చి భుజము భుజమునకు తాకునట్లు నిలిపి, వెనుక మరి యైదుగురిని నిలుపవలెను. కర్రను నడుము ప్రక్క పట్టి మెల్లగా వెనుకకు లాగుమన్న వెంటనే రెండవ వరుస కేకలు వేయును!

క్రీ.పూ. 394లో కొరోనియా రణభూమిపై పగిలిన డాళ్లను, విరిగిన బల్లెములను జెనొఫన్ వర్ణించెను. ఆ బల్లెములను ఏ చేయి ఎట్లు పట్టెనో యతడు వ్రాయలేదు. అతని పాఠకులలో పలువురు వానిని పట్టినవారే.