ఏడాదికి ఒక్కటే గుడ్డు

పోయిన నెల మనుమడు పుస్తకంల బొమ్మ చూపి, "తాతా, ఈ పిట్ట మన సోలాపూర్ దిక్కుదేనట, చూసినవా?" అని అడిగిండు.

చూసిన. మరాఠీల మాళఢోక్, తెలుగుల బట్టమేక పిట్ట. మిల్లుల కొత్తగ చేరిన రోజుల్లో, సెలవు నాడు సైకిల్ మీద నాన్నజ్ దాకా పోయిన. మేకంత ఎత్తు పిట్ట, గడ్డిల మెడ లేపి నడుస్తుండె.

1979ల దాని కోసమే అక్కడ అభయారణ్యం చేసిండ్రు. అయినా పిట్ట నిలువలేదు. అది నేల మీదనే గుడ్డు పెడతది, అదీ ఏడాదికి ఒక్కటే. దానికి విశాలమైన గడ్డి నేల కావాలె. 1951ల దేశంల 36 కోట్ల మందిమి, 2011 లెక్కల 121 కోట్లు. గడ్డి నేలను బంజరనుకొని దున్నినం, చెరుకు పెట్టినం, కరెంటు తీగలు గుంజినం. బరువు పిట్ట, ఎగిరేటప్పుడు తీగ కనబడక తగిలి చస్తది. ఇప్పుడు బయట తిరిగేటివి దేశంల 150 దాకనే, అవీ ఎక్కువ రాజస్థాన్‌ల.

మంది పెరుగుడొక్కటే కారణమంటే నేను ఒప్పుకోను. మా అమ్మకు ఎనిమిది మందిమి, నాకు ముగ్గురు, నా బిడ్డకు ఒక్కడే. సంసారం చిన్నగైంది గాని పిట్ట తిరిగి రాలేదు. మిల్లు బందైనంక మేం అందరం ఒక్క అర్రల సర్దుకున్నం. మనకు సర్దుకునుడు తెలుసు. ఆ పిట్టకు గడ్డి తప్ప వేరే అర్ర లేదు.

వానలు పడంగనే మనుమణ్ణి నాన్నజ్ తీసుకపోత. పిట్ట కనబడకున్నా, ఆ గడ్డిని ఎందుకు ఉంచాలెనో చెప్త.