రికార్డుకెక్కని పతకం

కార్గిల్ యుద్ధం ముగిసిన 1999లో, టైగర్ హిల్‌పై అసమాన సాహసం ప్రదర్శించిన 18వ గ్రెనేడియర్స్ బెటాలియన్ సైనికుడు యోగేంద్రసింగ్ యాదవ్‌కు ప్రభుత్వం పరమవీరచక్ర ప్రకటించింది. అయితే దానిని ‘మరణానంతర’ పురస్కారంగా పేర్కొంది. ఒళ్ళంతా తూటా గాయాలతో ఆ పంతొమ్మిదేళ్ళ యువకుడు అప్పటికి ఆసుపత్రిలో కోలుకుంటున్నాడు. అదే పేరుగల మరో సైనికుడు ఆ పోరులో నేలకొరగడంతో కాగితాల మీద ఇద్దరూ ఒక్కరైపోయారు. పొరపాటు త్వరలోనే బయటపడింది గనుక సరిపోయింది. యావద్దేశం కన్నార్పకుండా చూస్తున్న అత్యున్నత పురస్కారం విషయంలోనే ఇంతటి తప్పు దొర్లగలిగితే, ఎవరి దృష్టికీ రాని సామాన్య సిపాయిల సేవా రికార్డుల మాట ఏమిటి?

ఈ ప్రశ్న ఊహాజనితమైనది కాదు. 1965, 1971 యుద్ధాల్లో పాల్గొన్నవారు, 1987 జూలై నుంచి 1990 మార్చి దాకా శ్రీలంకలో శాంతిసేనగా పనిచేసినవారు, సియాచిన్ మంచుకొండల్లో కాపలా కాసినవారు తమ డిశ్చార్జి పుస్తకంలో ఫలానా పతకం నమోదు కాలేదని పదవీ విరమణ చేసిన ఎన్నో ఏళ్ళకు గుర్తించడం మాజీ సైనికుల లోకంలో కొత్త సంగతి కాదు. పశ్చిమ గోదావరిలో మిలటరీ మాధవరంగా పేరుకెక్కిన గ్రామం వంటి చోట్ల తరతరాలుగా సైన్యంలో చేరినవారున్నారు. అటువంటి ఇళ్ళలో పాత ట్రంకుపెట్టెలు తెరిస్తే ఒకదానికొకటి పొంతన కుదరని కాగితాలు కనిపించడం వింతేమీ కాదు.

ఇక్కడ ఒక తేడాను స్పష్టంగా గుర్తించాలి. శౌర్య పురస్కారాలు వేరు, సేవా పతకాలు వేరు. మొదటివి పై అధికారి సిఫారసుతో మొదలై, పలు దశల పరిశీలన దాటి, రాష్ట్రపతి పేరిట గెజిట్‌లో ప్రకటితమవుతాయి. ఎవరికి ఇవ్వాలి, ఎవరికి ఇవ్వరాదు అన్నది ప్రభుత్వ విచక్షణ. న్యాయస్థానాలు సైతం అందులో తలదూర్చడానికి సాధారణంగా ఇష్టపడవు. రెండోవి అలాంటివి కావు. 1965లో సమర సేవా స్టార్, రక్షా పతకం, 1971లో పూర్వీ స్టార్, పశ్చిమీ స్టార్, సంగ్రామ్ పతకం, కార్గిల్‌లో ఆపరేషన్ విజయ్ స్టార్ వంటివాటికి నిర్ణీత ప్రాంతంలో నిర్ణీత కాలం విధులు నిర్వర్తించడమే అర్హత. అర్హత ఉన్న ప్రతి సైనికునికీ అవి హక్కుగా దక్కవలసినవి. హక్కును దయాభిక్షగా మార్చిన ఘనత మాత్రం మన రికార్డుల యంత్రాంగానిది.

తప్పు ఎక్కడ జరుగుతోంది? సైనికుని జీవితంలోని ప్రతి ముఖ్య ఘటననూ అతని యూనిట్ ‘పార్ట్ టూ ఆర్డర్’ రూపంలో ప్రకటించాలి. దాని ఆధారంగా రికార్డుల కార్యాలయం అతని సేవాపత్రంలో నమోదు చేయాలి. యుద్ధం నడుమ యూనిట్లు చోటు మారుతూ ఉంటాయి. సైనికులు ఒక యూనిట్ నుంచి మరో యూనిట్‌కు తాత్కాలికంగా వెళుతుంటారు. గాయపడినవారు ఆసుపత్రి నుంచి ఆసుపత్రికి మారుతుంటారు. పతకం ఏర్పాటు ప్రకటన యుద్ధం ముగిశాక ఎప్పుడో వెలువడేసరికి అర్హుడు మరో చోట ఉంటాడు, లేదా ఇంటికే వెళ్ళిపోతాడు. ఆర్డరు వెలువడకపోయినా, వెలువడి చేరకపోయినా, చేరి తప్పు నంబరు కింద పడినా ఫలితం ఒక్కటే. ఆ సైనికుడు కాగితం మీద ఆ యుద్ధంలో లేనట్లే.

లోహపు బిళ్ళ కోసం ఇంత రాద్ధాంతమా అని పెదవి విరిచేవారు వాస్తవాలు తెలుసుకోవడం మంచిది. శౌర్య పురస్కారాలకు నెలవారీ భృతి ఉంది. 2017 ఆగస్టు నుంచి దానిని రెట్టింపు చేసినప్పుడు పరమవీరచక్రకు 20,000 రూపాయలు, మహావీరచక్రకు 10,000, వీరచక్రకు 7,000, శౌర్య సేనా పతకానికి 2,000 అయింది. రాష్ట్ర ప్రభుత్వాలిచ్చే నగదు, భూమి వంటి ప్రోత్సాహకాలకు కూడా రికార్డే ఆధారం. సేవా పతకానికి డబ్బు ముట్టదన్నది నిజమే. కాని సైనికుడు ఫలానా తేదీన ఫలానా రణక్షేత్రంలో ఉన్నాడనడానికి ఆ నమోదు ఒక సాక్ష్యం. యుద్ధంలో మరణించిన సైనికుని భార్యకు అతని చివరి వేతనానికి సమానమైన కుటుంబ పింఛను లభిస్తుంది. సైనిక విధుల కారణంగానే మరణించినా అది యుద్ధమరణంగా నమోదు కాకపోతే ఆమెకు దక్కేది అరవై శాతమే. గాయపడినవారి పింఛనులోనూ యుద్ధగాయానికి, సాధారణ వైకల్యానికి మధ్య ఎంతో అంతరం ఉంది. ఒక గుమాస్తా రాయని ఒక్క వాక్యం ఒక కుటుంబం జీవితకాలపు ఆదాయాన్ని తగ్గించగలదు.

డబ్బుకు అతీతమైనది గౌరవం. గణతంత్ర దినోత్సవం నాడు ఊరి బడి ముంగిట పాత కోటు మీద పతకాలు ధరించి నిలబడే వృద్ధునికి అవి అలంకారాలు కావు. తాను చెప్పేది కట్టుకథ కాదనడానికి అవే నిదర్శనం. పతకాల సరఫరాలో కొరత కారణంగా బజారులో నకళ్ళు కొని ధరించవలసి వచ్చిన సైనికులు ఈ దేశంలో ఉన్నారంటే అది ఎవరికి తలవంపు?

తప్పును సరిదిద్దించుకునే మార్గం లేకపోలేదు. రికార్డుల కార్యాలయానికి అర్జీ పెట్టుకోవచ్చు, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం సాయం కోరవచ్చు, 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద తన పత్రాల ప్రతులు తెప్పించుకోవచ్చు. అయితే ప్రతి మెట్టు వద్దా ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: ‘రుజువేదీ?’ రుజువు ఉండవలసింది ప్రభుత్వం చేతిలో. దాన్ని అడుగుతున్నది సిపాయిని! పైగా పింఛనుకు అర్హత లేకుండా వైదొలగిన సైనికుల పత్రాలను పాతికేళ్ళ తరువాత ధ్వంసం చేయడానికి నిబంధనలే వీలు కల్పిస్తున్నాయి. కాగితాన్ని తగలబెట్టినవారే కాగితం చూపమనడం ఏ న్యాయం కిందకు వస్తుంది?

2007 నాటి చట్టంతో ఏర్పడి 2009లో పని ప్రారంభించిన సాయుధ దళాల ట్రిబ్యునల్ కొంత ఊరట. కార్గిల్‌లో బటాలిక్ ప్రాంతాన 70వ పదాతి బ్రిగేడ్‌కు నాయకత్వం వహించిన బ్రిగేడియర్ దేవీందర్‌సింగ్ తన పాత్రను యుద్ధ నివేదికల్లో తగ్గించి చూపారని మొరపెట్టుకోగా, 2010 మేలో ట్రిబ్యునల్ ఆయన వాదనలో నిజముందని తేల్చి రికార్డును సవరించాలని ఆదేశించింది. ఇది హర్షణీయమే. కాని బ్రిగేడియర్ స్థాయి అధికారికే పదకొండేళ్ళు పడితే, మారుమూల పల్లెలోని మాజీ నాయక్ సంగతి ఏమిటి? తుది ఉత్తర్వు అందిన ఆరు నెలల్లోగా ట్రిబ్యునల్ గడప తొక్కాలన్న నిబంధన, చెన్నై దాకా ప్రయాణం, వకీలు ఖర్చు అతనికి కొండంత భారం.

రాసేవాడి కలాన్ని బట్టి వీరుడు వెలుగులోకి రావడమో మరుగున పడడమో జరుగుతుందనడానికి మన ఉపఖండంలో తార్కాణాలున్నాయి. 1962 నవంబరు 18న లడఖ్‌లోని రెజాంగ్ లా వద్ద మేజర్ షైతాన్‌సింగ్ నాయకత్వాన పోరాడిన 13వ కుమావూ బెటాలియన్ కంపెనీ దాదాపుగా తుడిచిపెట్టుకుపోయింది. బతికి వచ్చిన కొద్దిమంది చెప్పిన మాటను మొదట పలువురు నమ్మలేదు. 1963 ఆరంభంలో, ఆయుధాలతో తమ స్థానాల్లోనే గడ్డకట్టిన మృతదేహాలు కనిపించాకగాని నిజం నిలబడలేదు. కార్గిల్‌లో నేలకొరిగిన పాకిస్తాన్ కెప్టెన్ కర్నల్ షేర్‌ఖాన్ జేబులో, ఆయన ధైర్యాన్ని కొనియాడుతూ ఒక చీటీ ఉంచి పంపింది భారత బ్రిగేడియర్ ఎం.పి.ఎస్. బాజ్వా. ఆ వీరునికి తరువాత పాకిస్తాన్ అత్యున్నత పురస్కారమైన నిషాన్-ఎ-హైదర్ లభించింది. శత్రువు సైతం రాయగలిగిన నిజాన్ని సొంత సైనికుని విషయంలో రాయలేకపోవడం శోచనీయం.

ఇతర దేశాలు ఈ చిక్కును ఎలా ఎదుర్కొన్నాయో చూడదగ్గది. 1973 జూలైలో అమెరికాలోని సెయింట్ లూయిస్ రికార్డుల కేంద్రంలో చెలరేగిన మంటల్లో కోటీ అరవై లక్షలకు పైగా సైనిక పత్రాలు బూడిదయ్యాయి. అక్కడి ప్రభుత్వం చేతులు ఎత్తేయలేదు. జీతాల పట్టీలు, ఇతర శాఖల కాగితాల ఆధారంగా సేవా వివరాలను పునర్నిర్మించే పని చేపట్టింది. రికార్డు దిద్దుబాటుకు 1946 చట్టం కింద పౌరులతో కూడిన బోర్డులు ముందే ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో జాతి వివక్ష వల్ల అన్యాయానికి గురైన ఏడుగురు నల్లజాతి సైనికులకు 1997 జనవరిలో అత్యున్నత శౌర్య పతకం ప్రదానం చేసింది. అప్పటికి సజీవంగా ఉన్నది వారిలో ఒక్కరే. ఆలస్యమైన న్యాయం విలువ ఎంతో, పరిమితి ఎంతో ఆ ఒక్క సంగతే చెబుతుంది.

తలుపులు బార్లా తెరిస్తే నకిలీలు చొరబడతారన్న ఆందోళనను కొట్టిపారేయలేం. 1971 విమోచన యోధుల సర్టిఫికెట్ల విషయంలో బంగ్లాదేశ్ పడిన పాట్లు తెలిసినవే. 2014లో అక్కడ ప్రభుత్వ కార్యదర్శుల స్థాయి అధికారుల సర్టిఫికెట్లనే రద్దు చేయవలసి వచ్చింది. అయితే ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా? గెజిట్ ప్రకటన, యూనిట్ యుద్ధ దినచర్య, ఆసుపత్రి నమోదు, తోటి సైనికుల ప్రమాణపత్రం అనేవాటిని పోల్చి చూస్తే అసలు ఏదో నకిలీ ఏదో తేల్చడం అసాధ్యం కాదు. నకిలీలను పట్టుకోవడానికి కావలసిందీ సక్రమమైన రికార్డే.

కావలసింది చిత్తశుద్ధి. మిగిలిన పాత సేవాపత్రాల ధ్వంసాన్ని తక్షణం నిలిపివేసి, వాటిని కంప్యూటర్లకు ఎక్కించాలి. యూనిట్ల యుద్ధ దినచర్యలతో సరిచూసి, అర్హులకు అర్జీ లేకుండానే సవరణ పత్రం పంపాలి. అర్జీ వస్తే కాలపరిమితిలో పరిష్కరించాలి. కాదన్నప్పుడు కారణం రాతపూర్వకంగా చెప్పాలి. పత్రాలు ధ్వంసమైన పక్షంలో ఆ లోటు భారం సైనికునిపై పడరాదు. అతని మరణానంతరం భార్యకు, బిడ్డలకు అదే హక్కు ఉండాలి. ఇందులో ఏదీ బొక్కసానికి భారం కాదు.

1971 నాటి యువ సిపాయిలు నేడు డెబ్బయ్యో పడి దాటినవారు. 1965లో పోరాడినవారిలో మిగిలింది కొందరే. ఏ పిలుపు వచ్చినా రేపటికి వాయిదా వేయనివారు వారు. వారి అర్జీని రేపటికి వాయిదా వేసే హక్కు ఏ కార్యాలయానికీ లేదు.