ఇల్లు-వాకిలి: అమ్మజూపు ఇంట పెంపుడు ప్రాణులు

మైపాడు, కోడూరు తీరములయందు కుక్కనో పిల్లినో పెంచుచు ఇల్లమ్మదలచిన గృహిణులకొక చిక్కు కలదు. ఇంటి వాసనకు మన ముక్కు అలవాటుపడును; కొనవచ్చినవారికి గడపలోనే తెలియును. కావున ముందుగా పొరుగింటి యమ్మను పిలిచి, మొగమాటము లేక చెప్పుమని కోరవలెను.

పిల్లిమూత్రమందలి యూరికామ్లపు లవణములు వట్టినీటితో పూర్తిగా పోవు. వేసవిలో అణగియుండి, ఆశ్వయుజ కార్తికముల వానలకు గాలి చెమ్మగిలగానే మరల వాసన వేయును. అట్టిచోట ఎంజైములు గల ద్రావకమును పోసి, సీసాపై వ్రాసినంతసేపు నాననిచ్చి, పిమ్మట ఆరనీయవలెను. బ్లీచింగుపొడి చల్లరాదు, మూత్రమందలి అమోనియాతో గలిసి హానికరమగు వాయువు పుట్టును. నల్ల ఫినాయిలు పిల్లులకు విషము. సాంబ్రాణి వాసనను కప్పునేగాని పోగొట్టదు.

రాలిన వెండ్రుకలను పొడిచీపురుతో ఊడ్చిన ఎగురును, తడిగుడ్డతో తీయవలెను. చాపలు, పరుపులు ఎండవేయవలెను. ఇల్లు చూపువేళ జంతువును బంధువుల యింటనుంచుట మేలు.

చెడిన గోడకు సున్నముపూసి లోపమును దాచుట తగదు. కొనువారు సామాన్యముగా కనిపెట్టజాలని ముఖ్యలోపమును అమ్మువారు తెలుపవలెనని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము చెప్పుచున్నది.

ఇల్లమ్ముడుపోయినదని కుక్కను సముద్రపుటొడ్డున విడిచిపోవువారును కలరు. ఆకలిదప్పుల పాలగునట్లు జంతువును విడుచుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టముచే నేరము. ఇన్నాళ్లు మన వాకిలి కాచిన ప్రాణికి క్రొత్త యింట నింత చోటు చూచిన పిదపనే బేరమునకు ఒప్పుకొనుడు.