క్లబ్బు పైకెళితే అమ్మాయిలకేమిటి?

హైదరాబాదుకు పెద్ద ఫుట్‌బాల్ లీగులో ఒక క్లబ్బు ఉండాలా అన్న ప్రశ్న 2025లో మళ్లీ ముందుకొచ్చింది. 2019 నుంచి ఇండియన్ సూపర్ లీగులో ఆడిన హైదరాబాద్ ఎఫ్.సి.ని యజమానులు ఆ ఏడాది ఢిల్లీకి తరలించి పేరు కూడా మార్చేశారు. నగరంలోని మరో క్లబ్బు శ్రీనిధి దక్కన్ 2021లో రెండో అంచె ఐ-లీగులోకి వచ్చింది. 2022–23లోనూ 2023–24లోనూ రెండో స్థానం దగ్గరే ఆగిపోయి, ఛాంపియన్‌కు దక్కే పై మెట్టును రెండుసార్లూ కొద్దిలో పోగొట్టుకుంది. మన నగరపు క్లబ్బు పెద్ద లీగులోకి వెళ్లాలని అభిమానులు కోరుకోవడంలో తప్పేమీ లేదు.

స్త్రీల హక్కుల పత్రికకు మగవాళ్ల ఫుట్‌బాల్ లీగుతో పనేమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. పని ఉంది. ఆట స్థలం ప్రజలది. స్టేడియానికి పెట్టిన డబ్బు ప్రజలది. ఆడుకునే హక్కు ఆడపిల్లలది కూడా. ఈ మూడింటి మీదా నిర్ణయాలు జరిగేచోట మనం లేకపోతే మన వాటా అడిగేవాళ్లు ఉండరు.

ముందుగా, పెద్ద లీగు అంటే ఏమిటో చూద్దాం. సూపర్ లీగులో ఎక్కువ క్లబ్బులు ఊరు కట్టుకున్నవి కావు, యజమానులు కొనుక్కున్నవి. పుణె క్లబ్బు 2019లో మూతపడితే దాని స్థానంలో హైదరాబాద్ క్లబ్బు పుట్టింది. ఆ క్లబ్బు 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను ఓడించి లీగు విజేత అయింది. ఆ తర్వాత జీతాల బకాయిలు మొదలయ్యాయి, ఆటగాళ్లు వెళ్లిపోయారు, క్లబ్బు చేతులు మారింది, చివరికి ఊరే మారింది. విజేతగా నిలిచిన మూడేళ్లకు నగరానికి మిగిలింది జ్ఞాపకమే.

పుణె సంగతిలో మనం గమనించాల్సింది ఇంకొకటి ఉంది. భారత మహిళా లీగు మొదటిసారి జరిగిన 2016–17లో, తుది దశకు చేరిన ఆరు జట్లలో సూపర్ లీగు క్లబ్బుకు చెందినది పుణె జట్టు ఒక్కటే. యజమానులు క్లబ్బు మూసేసినప్పుడు ఆ అమ్మాయిల గూడు కూడా చెదిరిపోయింది. మగవాళ్ల జట్టు లాభనష్టాల మీద ఆడవాళ్ల జట్టు బతుకు ఆధారపడితే జరిగేది ఇదే. ఇక హైదరాబాద్ ఎఫ్.సి. పేరైతే జాతీయ మహిళా లీగు జట్ల జాబితాలో ఎన్నడూ కనిపించలేదు.

పెద్ద లీగులోకి వెళితే డబ్బు వస్తుంది, టీవీలో కనిపిస్తాం, దాన్ని చూసి ఆడపిల్లలూ ముందుకొస్తారు అనే వాదన ఒకటుంది. వినడానికి బాగానే ఉంది. అనుభవం మాత్రం వేరే మాట చెబుతోంది. 2018–19లో మహిళా లీగు గెలిచింది మదురైకి చెందిన సేతు ఎఫ్.సి. దానికి సూపర్ లీగులో చోటే లేదు. ఆ తర్వాత వరసగా మూడుసార్లు గెలిచింది కోళికోడ్‌కు చెందిన గోకులం కేరళ. దాని మగవాళ్ల జట్టు అప్పుడు రెండో అంచెలోనే ఉంది. అంటే అమ్మాయిల ఆటను నిలబెట్టింది పెద్ద లీగు హోదా కాదు, అమ్మాయిల జట్టు మీద డబ్బూ శ్రద్ధా పెట్టాలన్న నిర్ణయం.

ఎదుటి ఉదాహరణలు కూడా దాచకుండా చెప్పుకోవాలి. 2020లో సూపర్ లీగులో చేరిన ఈస్ట్ బెంగాల్ 2024–25లో మహిళా లీగు గెలుచుకుంది. కాబట్టి పెద్ద లీగు మహిళా జట్టుకు శత్రువని మనం అనడం లేదు. అయితే 2023–24లో విజేత అయిన ఒడిశా ఎఫ్.సి. మరుసటి ఏడాదే కింది అంచెకు పడిపోయింది. ఆ క్లబ్బు మగవాళ్ల జట్టు ఉన్నది సూపర్ లీగులోనే. పై మెట్టు మీద కూర్చున్నంత మాత్రాన అమ్మాయిల జట్టుకు భద్రత వస్తుందన్న హామీ లేదు.

ఆ పై మెట్టయినా గట్టిదా? 2010లో సమాఖ్య తన వాణిజ్య హక్కులను పదిహేనేళ్లకు ఒక ప్రైవేటు భాగస్వామికి అప్పజెప్పింది. గడువు ముగిసే 2025లో కొత్త ఒప్పందం కుదరక, జూలైలో లీగు నిర్వాహకులు సీజన్‌ను పక్కన పెట్టారు. ఆగస్టులో కొన్ని క్లబ్బులు జీతాలు నిలిపేశాయి. సరిగ్గా అదే జూలైలో భారత మహిళా జట్టు థాయిలాండ్‌ను 2–1తో ఓడించి 2026 ఆసియా కప్‌కు అర్హత సాధించింది. క్వాలిఫయింగ్ పోటీలు గెలిచి ఆ కప్‌కు చేరడం అదే తొలిసారి. కోట్లు కుమ్మరించిన చోట ఆట ఆగిపోతే, పిడికెడు డబ్బుతో నెట్టుకొస్తున్న చోట ఆట గెలిచింది.

మన తెలంగాణ బిడ్డ గుగులోతు సౌమ్య సంగతే చూడండి. నిజామాబాదు జిల్లా నుంచి వచ్చిన ఆమె కేరళలో గోకులానికి ఆడింది, 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్‌కు వెళ్లింది, తర్వాత కోల్‌కతాలో ఈస్ట్ బెంగాల్‌తో కలిసి లీగు గెలిచింది. 2024–25కు దేశంలో ఉత్తమ క్రీడాకారిణిగా ఎంపికైంది. ఆ 2022లోనే హైదరాబాద్ క్లబ్బు దేశంలోకెల్లా పెద్ద లీగు విజేత. తండా నుంచి బయలుదేరిన అమ్మాయికి కోళికోడ్ దారి చూపింది, జాగ్రెబ్ దారి చూపింది. సొంత రాజధానిలోని విజేత క్లబ్బు దగ్గర మాత్రం ఆమె వేసుకోవడానికి ఒక చొక్కా లేదు. దీన్ని ఆమె ఒక్కదాని విజయగాథగా చెప్పుకుని మురిసిపోతే సరిపోదు. అంత దూరం వెళ్లలేక ఇంటి దగ్గరే ఆగిపోయిన అమ్మాయిలెందరో ఎవరు లెక్కపెట్టారు?

హైదరాబాదుకు ఫుట్‌బాల్ కొత్త కాదు. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ రహీం శిక్షణలోనే దేశం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చుకుంది. ఆ గొప్పతనాన్ని తలుచుకున్న ప్రతిసారీ ఆ చరిత్రలో సగం జనాభా ఎక్కడుందని కూడా అడగాలి.

కాబట్టి క్లబ్బు పెద్ద లీగులోకి వెళ్లాలా అంటే మా జవాబు: వెళ్లనివ్వండి, కానీ షరతుల మీద.

మొదటిది, మైదానం. హైదరాబాద్ ఎఫ్.సి. సొంత మైదానంగా వాడుకున్న గచ్చిబౌలి స్టేడియం ప్రజాధనంతో కట్టింది. ప్రభుత్వ మైదానం ఏ క్లబ్బుకు ఇచ్చినా, వారంలో ఇన్ని గంటలు అమ్మాయిలకని ఒప్పందంలోనే రాయాలి. ఆ గంటలు మిట్టమధ్యాహ్నం కాకూడదు. మైదానంలో దీపాలు, మరుగుదొడ్లు, ఇంటికి చేరే బస్సు కూడా ఆటలో భాగమే.

రెండోది, జీతం. సమాఖ్య 2023లో ఒక నియమం ప్రకటించింది: మహిళా లీగు క్లబ్బు కనీసం పదిమందితో, ఒక్కొక్కరికి ఏడాదికి కనీసం 3.2 లక్షల రూపాయలిచ్చేలా ఒప్పందం చేసుకోవాలి. అంటే నెలకు ఇరవై ఏడు వేలైనా లేదు. ఇది గరిష్ఠం కాదు, అడుగు మెట్టు. మగవాళ్ల జట్టు నష్టపోయినా తెగిపోకుండా అమ్మాయిల జట్టుకు ప్రత్యేక పద్దు ఉండాలి.

మూడోది, భద్రత. 2024 మార్చిలో గోవాలో రెండో అంచె మహిళా లీగు ఆడేందుకు వెళ్లిన ఇద్దరు క్రీడాకారిణులు తమ క్లబ్బు యజమానే తమను కొట్టాడని ఫిర్యాదు చేశారు. ఆయన సమాఖ్య కార్యవర్గ సభ్యుడు కూడా. సమాఖ్య ఆయన్ను సస్పెండ్ చేసింది. అన్నం పెట్టేవాడే, జట్టులోకి తీసుకునేవాడే, ఫిర్యాదు వినేవాడే ఒకడైతే ఏ అమ్మాయి నోరు విప్పుతుంది? పని ప్రదేశాల్లో లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం క్రీడా సంస్థలనూ, స్టేడియాలనూ, పోటీ వేదికలనూ పని ప్రదేశాలుగానే చెప్పింది. పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండి తీరాలి. ఆ కమిటీలో ఎవరున్నారో ప్రతి క్లబ్బూ గోడమీద రాసి పెట్టాలి.

సంఘాల్లో పనిచేస్తున్న మనం చేయగల పని చాలానే ఉంది. మీ జిల్లా స్టేడియాన్ని ఏ షరతుల మీద ఎవరికి ఇచ్చారో సమాచార హక్కు కింద అడగండి. మీ ఊళ్లో ఫుట్‌బాల్ ఆడే అమ్మాయిలను కలిసి, సాయంత్రం అయిదు తర్వాత మైదానం ఎవరి చేతిలో ఉంటుందో వాళ్ల నోటనే వినండి. హాస్టలు పిల్లలకు బూట్లు అందుతున్నాయో లేదో చూడండి. క్లబ్బు వాళ్లు కొత్త స్టేడియం కోసం, పన్ను రాయితీ కోసం ప్రభుత్వం దగ్గరకు వచ్చిన రోజు ఈ వివరాలన్నీ పట్టుకుని మనం కూడా ఆ గది తలుపు తట్టాలి.