నల్లేరు: మందుకన్నా ముందు పైరు

ఎముకలు గుల్లబారే వ్యాధికి వాడే మందులలో అధికభాగం ఎముక క్షయాన్ని తగ్గించేవే. కొత్త ఎముకను నిర్మింపజేసేవి కొద్ది. వాటిలో టెరిపారటైడ్‌ను రోజూ సూదిమందుగా తీసుకోవలసి ఉంటుంది. మొక్కల నుండి ఇటువంటి పదార్థాలను రాబట్టే పరిశోధనకు అందువల్లనే ప్రాధాన్యం ఏర్పడింది. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ సిస్సూ ఆకులపై ఈ దిశలోనే కృషి చేసింది.

తెలుగునాట ఈ చర్చ నల్లేరుతో మొదలుకావడం సహజం. కంచెలపై పాకే ఈ పలకల తీగ లేత కణుపుల పచ్చడి, కోసేవారి చేతుల దురద పల్లె వంటిళ్లకు తెలిసినవే. సంస్కృతంలో దీనిని అస్థిసంహారి అన్నారు. 1960లలో ఉడుప, ప్రసాద్‌ల జంతు ప్రయోగాలు విరిగిన ఎముక త్వరగా అతుకుతుందని సూచించాయి. అయితే ‘కాల్షియం ఎక్కువ కనుక మేలు’ అనే ప్రచారం చాలదు. అందులో చాలాభాగం దేహం సరిగా గ్రహించలేని ఆక్సలేటు; దురదకు కారణమూ ఆ స్ఫటికాలే. వెదకవలసినది ఆస్టియోబ్లాస్టు కణాలను ఉత్తేజపరిచే స్టెరాల్, స్టిల్బీన్, ఫ్లేవనాయిడ్ పదార్థాలను.

ఇవి తీగ వయస్సు, నేల, ఋతువు, ఆరబెట్టే తీరును బట్టి మారుతాయి. ద్రావణి పేరును శ్రద్ధగా నమోదు చేసే పరిశోధకులు కాండం వయస్సును విస్మరించడం విచారకరం. దొరికినచోటల్లా కోసిన తీగతో చేసిన ప్రయోగం మరొకచోట పునరావృతం కాకపోతే దోషం మొక్కది కాదు. నల్లేరు కాండపు ముక్కలతోనే ప్రవర్ధనం చెందుతుంది. ఎంపిక చేసిన రకం గుణం చెదరదు. వివిధ ప్రాంతాల తీగలను ఒకే క్షేత్రంలో పెంచి, కోతదశను నిర్ణయించడం వ్యవసాయ విశ్వవిద్యాలయాలు చేయదగిన పని. ఏ పదార్థం ఎంత శాతం ఉండాలో కొనుగోలుదారు లిఖితపూర్వకంగా తేల్చకముందే ఎకరం నల్లేరు నాటమని రైతుకు చెప్పడం విస్తరణ శాస్త్రవేత్తకు తగదు.