హైదరాబాద్ మెట్రో: ప్రైవేట్ చేతి నుంచి సర్కార్ చేతికి.. టికెట్ భారం ఎవరిపై?

ప్రైవేట్ కంపెనీ పెట్టుబడి పెడుతుంది, ప్రభుత్వం స్థలం ఇస్తుంది, జనం టికెట్ కొని ఎక్కుతారు. హైదరాబాద్ మెట్రోకు 15 ఏళ్ల క్రితం వేసిన లెక్క ఇదే. ఇప్పుడు ఆ లెక్క తలకిందులైంది. మొదటి దశ నుంచి తప్పుకునేందుకు ఎల్ అండ్ టీ, దాన్ని తీసుకునేందుకు తెలంగాణ ప్రభుత్వం 2025 సెప్టెంబర్‌లో సూత్రప్రాయంగా ఒప్పుకున్నాయి. సుమారు రూ.13,000 కోట్ల అప్పు సర్కార్‌కు బదిలీ అవుతుంది. కంపెనీ వాటా కింద మరో రూ.2,000 కోట్లు చెల్లించాలి. అసలు ఇక్కడిదాకా ఎందుకొచ్చింది?

రియల్ ఎస్టేట్ మీద నడిచిన లెక్క

2008లో మేటాస్ కన్సార్షియం ఈ ప్రాజెక్టు దక్కించుకుంది. ప్రభుత్వం నుంచి పైసా తీసుకోకపోగా, తామే రూ.30,311 కోట్లు ఎదురు చెల్లిస్తామని ఆఫర్ ఇచ్చింది. రైలు నడిపి ఇంత డబ్బు ఎలా వస్తుంది? టికెట్ల మీద కాదు, స్థలాల మీద వస్తుందన్నది అసలు ఆలోచన. ఢిల్లీ మెట్రో సారథి శ్రీధరన్ అప్పట్లోనే దీనిపై ప్రణాళికా సంఘానికి లేఖ రాసి అభ్యంతరం చెప్పారు. సత్యం కుంభకోణం బయటపడ్డాక 2009లో ఆ ఒప్పందం రద్దయింది.

2010లో రూ.1,458 కోట్ల సాయం కోరి ఎల్ అండ్ టీ బిడ్ గెలిచింది. అయితే మూల సూత్రం మాత్రం మారలేదు. ఆదాయంలో సగం టికెట్ల నుంచి, 45 శాతం మాల్స్, ఆఫీస్ స్పేస్ అద్దెల నుంచి, మిగతా 5 శాతం ప్రకటనల నుంచి రావాలి. స్థలాల అభివృద్ధి అనుకున్నంత వేగంగా సాగలేదు. పనులు ఆలస్యమై, 2017 నవంబర్‌లో గానీ తొలి రైలు కదలలేదు. 2020 ఫిబ్రవరిలో మూడో కారిడార్ మొదలైంది. మరుసటి నెలలోనే కరోనాతో సర్వీసులు ఆగిపోయి, సెప్టెంబర్ దాకా రైళ్లు షెడ్డుకే పరిమితమయ్యాయి. ఆ తర్వాత వర్క్ ఫ్రమ్ హోమ్ దెబ్బ. 2023 డిసెంబర్‌లో వచ్చిన మహాలక్ష్మి పథకంతో ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితమైంది. దాంతో మెట్రో మహిళా ప్రయాణికులు కొందరు బస్సులకు మారారని కంపెనీ వాదన. 2024-25లో నష్టం దాదాపు రూ.626 కోట్లు.

ఒక్కో ప్రయాణానికి ఎంత?

69 కిలోమీటర్ల మెట్రోలో రోజుకు సుమారు 4.5 లక్షల ప్రయాణాలు జరుగుతున్నాయి. రూ.13,000 కోట్ల అప్పుకు ఏడాదికి 8 శాతం వడ్డీ అనుకుందాం. అది రూ.1,040 కోట్లు, అంటే రోజుకు దాదాపు రూ.2.85 కోట్లు. ఈ మొత్తాన్ని ప్రయాణాలకు పంచితే ఒక్కోదానిపై రూ.63 పడుతుంది. 2025 మేలో ఛార్జీలు పెంచి, వెంటనే 10 శాతం తగ్గించాక గరిష్ఠ టికెట్ ధర రూ.69. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా వెళ్లే ప్రయాణికుడు కట్టేదంతా దాదాపు వడ్డీకే సరిపోతుందన్నమాట. కరెంట్, జీతాలు, మెయింటెనెన్స్ అదనం. తక్కువ వడ్డీకి కొత్త రుణం తెస్తే భారం తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు.

ఢిల్లీలోనూ అంతే

ఇది ఒక్క హైదరాబాద్ కథే కాదు. ఢిల్లీ ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ లైన్ నుంచి రిలయన్స్ ఇన్‌ఫ్రా సంస్థ 2013లోనే తప్పుకుంది. గురుగ్రామ్ ర్యాపిడ్ మెట్రో 2019లో ఢిల్లీ మెట్రో కార్పొరేషన్ చేతికి వచ్చింది. ప్రయాణికులు తగ్గితే వచ్చే నష్టాన్ని పూర్తిగా ప్రైవేట్ నెత్తిన పెడితే, చివరికి అది తిరిగి సర్కార్ ఒళ్లోకే వచ్చి పడుతోంది.

అలాగని ప్రైవేట్‌ను పూర్తిగా పక్కనపెట్టడమూ లేదు. హైదరాబాద్‌లో ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులే ఉదాహరణ. బస్సు, డ్రైవర్ కంపెనీవి. ఆర్టీసీ కిలోమీటరుకు ఇంత అని చెల్లిస్తుంది. రూటు, టికెట్ ధర ఆర్టీసీ చేతిలో ఉంటాయి. బస్సు ఖాళీగా తిరిగితే నష్టం ఆర్టీసీదే, బ్రేక్‌డౌన్ అయితే బాధ్యత కంపెనీది. ఎవరు ఏ రిస్క్ మోయగలరో వాళ్లకే ఇవ్వడం ఇందులో కిటుకు.

ఇప్పుడు ఏం మారుతుంది?

సర్కార్ తొందరకు ఒక కారణం రెండో దశ. రూ.24,269 కోట్లతో 76.4 కిలోమీటర్ల విస్తరణను కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి చేపట్టాలన్నది ప్రతిపాదన. పాత, కొత్త లైన్ల నిర్వహణపై ముందు స్పష్టమైన ఒప్పందం ఉండాలని కేంద్రం అడిగింది. దానిపై సంతకానికి ఎల్ అండ్ టీ సుముఖత చూపలేదు.

మెట్రో చేతికి వస్తే బస్సు, రైలు రెండూ ఒకే యజమానివి అవుతాయి. ఒకే కార్డుతో రెండింట్లో ప్రయాణం, స్టేషన్ దిగగానే ఫీడర్ బస్సు లాంటివి ఇక సాకులు చెప్పకుండా చేయొచ్చు. కానీ ఛార్జీలు పెంచితే జనం కోపం నేరుగా సర్కార్ మీదకే వస్తుంది. పెంచకపోతే లోటు బడ్జెట్‌లోంచి పూడ్చాలి. అంటే మెట్రో ముఖమే చూడని ఆదిలాబాద్ రైతు, నల్లగొండ కూలీ కూడా పన్నుల రూపంలో హైదరాబాద్ టికెట్‌లో వాటా కడతారు. ఆ వాటా ఎంతో ఏటా బడ్జెట్‌లో విడిగా చూపిస్తారా లేదా అన్నదే ఇక గమనించాల్సిన విషయం.