తప్పొకరిది, దండుగ మరొకరికా?

సొంత యిల్లు కట్టుకొనదలచిన సామాన్యునకు నిర్మాణ నిబంధనలు శత్రువులు కావు. ఇంటికిని ఇంటికిని నడుమ గాలి వెలుతురులకై చోటు విడువవలెననుటయు, వీథిలోనికి అగ్నిమాపక శకటము రాదగిన వెడల్పుండవలెననుటయు, చెరువు శిఖము భూమిలో పునాది తీయరాదనుటయు అతని క్షేమమునకే. కావున నిబంధనలనే యెత్తివేయవలెనను వాదమును మేమంగీకరింపము. వాని భారమెవరి నెత్తిన పడుచున్నదన్నదే మా ప్రశ్న.

తెలంగాణలో 2020లో వచ్చిన టీఎస్-బీపాస్ చట్టము 75 చదరపు గజములలోపు స్థలమున ఒకదానిపై నొకటిగా రెండంతస్తులవరకు కట్టుకొనువారికి అనుమతియే అక్కరలేదనియు, 1 రూపాయి చెల్లించి నమోదు చేసికొన్న చాలుననియు చెప్పినది. 500 చదరపు మీటర్లవరకు గల స్థలమున 10 మీటర్ల యెత్తువరకు కట్టు ఇండ్లకు యజమాని స్వయంధ్రువీకరణముపై తక్షణానుమతి నిచ్చినది. కచేరీల చుట్టు ప్రదక్షిణములను తగ్గించిన యీ సంస్కరణము ప్రశంసార్హమే. అయితే తక్షణానుమతి ఆమోదితమైన లేఅవుట్‌లోనో, క్రమబద్ధమైన స్థలములోనో యిల్లు కట్టువానికే దక్కును.

మరి శివారు గ్రామపంచాయతీ వెంచరులలో వాయిదాలపై 150 గజములు కొనినవాని గతి యేమి? పొలమున సున్నపు గీతలు గీచి, హద్దురాళ్లు పాతి, రంగు జెండాలు కట్టి, ప్రజోపయోగార్థమై విడువవలసిన 10 శాతము ఖాళీ స్థలమును గూడ ప్లాట్లుగా నమ్ముకొని వెడలిపోయినవాడు వేరొకడు. స్టాంపు సుంకము గైకొని ఆ దస్తావేజును రిజిస్టరు చేసినది సాక్షాత్తు ప్రభుత్వము. అటువంటి ప్లాట్ల రిజిస్ట్రేషనును 2020 ఆగస్టు 26న నిలిపివేసి, ఆ నెలాఖరుననే క్రమబద్ధీకరణ నియమములను ప్రకటించి, ఖాళీ స్థలము విడువని లేఅవుట్లలో ప్లాటు విలువలో 14 శాతమును అదనముగా చెల్లింపుమని కొనుగోలుదారునే ఆజ్ఞాపించినది. పాతిక లక్షలకు మించిన దరఖాస్తులు వచ్చిపడినవి. 2025లో 25 శాతము రాయితీ ప్రకటించి వసూళ్లకు పూనుకొనునంతవరకు వానిలో అత్యధిక భాగము కదలలేదు. ఆ కాలమంతయు అతడు అద్దె కట్టుచునే యుండెను. ఇనుము, సిమెంటు ధరలు మాత్రము అతనికై నిలిచియుండలేదు.

చవకయని ఆశపడి కొనినవాడు ఫలితమనుభవింపవలదా యని కొందరు వాదింతురు. రాజముద్ర వేసి దస్తావేజు చేతికిచ్చిన రిజిస్ట్రారు కచేరీకే కానరాని దోషమును కూలినాలి చేసి కూడబెట్టుకొన్నవాడు కనిపెట్టవలసియుండెననుట యే న్యాయము?

కావున, స్వనివాసమునకై 200 గజములలోపు ఏకైక స్థలము గలవారికి ఈ 14 శాతమును పూర్తిగా రద్దుచేయవలెను. ఆ సొమ్మును, అవసరమైనచో ఆస్తులను జప్తుచేసియైనను, వెంచరు వేసినవానినుండి రాబట్టవలెను. ఇకమీదట ఆమోదము లేని ప్లాటును రిజిస్టరు చేయు అధికారిని బాధ్యుని చేయవలెను. అమ్మినవాడు దొరకడనుట సాకు మాత్రమే. కొన్నవాని పేరు ఏ దస్తావేజులో నున్నదో, అమ్మినవాని పేరును ఊరును దానిలోనే యున్నవి. తాఖీదు ఆ చిరునామాకు పోవలెను.